మీ నాన్నగారి గురించి రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కాలం చేసిన మీ నాన్నగారి మీద చిన్న పుస్తకం వేద్దామనుకుంటే "కష్టజీవి, స్వయంకృషితో పైకొచ్చారు" అన్న దగ్గరే కలం ఆగిపోతోందని రాశావు. ఆగడమే మంచిదైంది. ఆ మాటలు ఏ వ్యాపారి ఫొటో కింద రాసినా అతుకుతాయి. ఆయన ఎన్నింటికి తలుపు తీసేవారు, మొదటి పెట్టుబడి ఎక్కడిది, ఎవరి బాకీ కొట్టేశారు అన్నవి మాత్రం ఆయనవే. అవి ఆయన లెక్కల పుస్తకాల్లోనూ, పనివాళ్ల జ్ఞాపకాల్లోనూ ఉన్నాయి. అక్కడి నుంచే మొదలుపెట్టు.

ముందు చెదిరిపోయేవాటిని పట్టుకో. ఆయన ఫోన్ నంబరు అప్పుడే ఆపించకు. సరుకు పురమాయిస్తూ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఆ నంబరు మీది వాట్సాప్‌లో ఉంటాయి. వాటిని విడి ఫైళ్లుగా రెండు చోట్ల దాచుకో. తర్వాత మెషిన్ బిల్లులు చూడు. అవి వేడితో అక్షరం తేలే కాగితం మీదవి కాబట్టి ఎండకీ, వేడికీ, కొన్నిరకాల ప్లాస్టిక్ కవర్లకీ వెలిసిపోతాయి. ఈ వారంలోనే ఫొటోలు తీసెయ్.

పాత కాగితాలకున్న గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు తీసెయ్. మొదటివి తుప్పు పడతాయి, రెండోవి కరిగి అంటుకుపోతాయి. చిరిగిన చోట సెలోటేప్ వేయకు, దాని జిగురు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది. లామినేషన్ అసలే వద్దు, చేశాక వెనక్కి తీయలేం. ఫొటో వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే గీతలు ముందుకి తేలతాయి. మెత్తని పెన్సిల్‌తో, అంచున, తేలిగ్గా రాయి. ఉన్న సైజులోనే అచ్చు వేసేవాటికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చాలు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోని రెట్టింపు చెయ్యాలంటే 600 పెట్టు. ప్రెస్సుకి వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపు.

ఇక అసలు పని చిట్టా, ఆవర్జాలది. చిట్టాలో రోజువారీ రాబడి, ఖర్చు ఉంటాయి. ఆవర్జాలో మనిషి వారీ ఖాతాలుంటాయి. అన్నీ చదవబోతే ఏడాదైనా తెమలవు. మూడు నెలలు ఎంచుకో: మొదటి సంవత్సరంలో ఒకటి, బేరాలు బాగా పడిపోయిన రోజుల్లో ఒకటి, నిలదొక్కుకున్నాక ఒకటి. చిట్టాలో చేతిరాత ఎక్కడ మారిందో చూడు. ఆ రోజుల్లో ఆయనకి జబ్బు చేసిందా, సరుకు కోసం ఊరెళ్లారా అని ఆరా తియ్యి. ఎంట్రీలు లేని రోజులకీ కారణం కనుక్కో. ఆవర్జాలో ఏళ్ల తరబడి ముందుకు తెచ్చిన బాకీలుంటాయి, ఒకనాడు అడ్డంగా గీత కొట్టి వదిలేసినవీ ఉంటాయి. "దయగల మనిషి" అని రాసే బదులు అలాంటి ఖాతా ఒక్కటి తీసుకుని, అది ఎన్నేళ్లు నడిచిందో, ఎప్పుడు కొట్టేశారో చెప్పు. బాకీదారు పేరు మాత్రం అచ్చులో రానివ్వకు. ఆ మనిషి పిల్లలు కూడా ఈ పుస్తకం చదువుతారు.

తేదీల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. లైసెన్సు మీది తేదీని వ్యాపారం మొదలైన తేదీగా రాసేస్తారు. చాలా చిన్న వ్యాపారాలు కాగితం పుట్టడానికి ముందే నడుస్తుంటాయి. అద్దె ఒప్పందం, మొదటి పాస్‌బుక్, మొదటి చిట్టా మూడూ పక్కపక్కన పెట్టి చూడు. అవి పొసగకపోతే "ఫలానా సంవత్సరానికల్లా నడుస్తోంది" అని రాస్తే తప్పు కాదు. డబ్బు విషయంలోనూ అంతే. "ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం" అంటే ఇప్పటివాళ్లకి ఏమీ తెలియదు. మొదటి పెట్టుబడి అంతకుముందు ఆయన చేసిన ఉద్యోగంలో ఎన్ని నెలల జీతమో లెక్కగట్టి రాయి.

స్వయంకృషి అన్నామని తోడు నిలిచినవాళ్లని చెరిపేయకూడదు. మొదటిసారి సరుకు అరువిచ్చిన వ్యాపారి, జీతం లేకుండా లెక్కలు రాసిన మీ అమ్మ, కష్టకాలంలో జీతం ఆలస్యమైనా మానేయని గుమాస్తా పుస్తకంలో ఉండాలి. దీనివల్ల ఆయన కష్టం ఏమీ తగ్గదు. వాళ్లు లేని పుస్తకం మాత్రం అబద్ధమవుతుంది. అలాగే దెబ్బతిన్న బేరం ఒక్కటైనా రాయి, కారణంతో సహా: అరువు ఎక్కువిచ్చారా, సరుకు ఎక్కువ తెచ్చారా, భాగస్వామితో చెడిందా. బతికున్నవాళ్ల మీద నింద పడే చోట పేరు వదిలెయ్.

మనుషుల్ని ఒక్కొక్కరినే కలువు. నలుగురూ ఒకచోట కూర్చుంటే పెద్ద గొంతున్న మనిషి జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. అందరికన్నా వయసు పైబడినవాళ్లతో మొదలుపెట్టు. ఒక విడతకి ముప్పావుగంట మించనివ్వకు. అనుమతి అడిగి, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మడతపెట్టిన గుడ్డ మీద ఉంచి, ఒక నిమిషం రికార్డు చేసి విని చూడు. ఫ్యాను ఆపు, దాని హోరులో మాట మునిగిపోతుంది. "ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచివారండీ" అన్న జవాబే వస్తుంది. "తాళంచెవి ఎవరి దగ్గరుండేది? సరుకు తగ్గి వస్తే ఏమనేవారు? ఏం చేస్తే కోపమొచ్చేది?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకో. చేతులతో చేసి చూపిస్తే, ఆ కదలికని అక్కడే నీ మాటల్లో నోటుపుస్తకంలో రాసుకో. రికార్డింగులో అది దొరకదు.

రాసేటప్పుడు పుట్టుకతో మొదలెట్టకు. తలుపు తీసిన దగ్గర్నుంచి గల్లాపెట్టె లెక్క తేలేదాకా మామూలు రోజొకటి ముందు పెట్టు, మొదలైన కథ దాని వెనక చెప్పు. చిట్టాలో ఆయన చేతిరాత ఉన్న పేజీ ఒకటి పూర్తి సైజులో వెయ్యి, దాని మీద ఖాతాదారుల పేర్లుంటే కప్పెయ్. సంస్మరణ సభలో చదవడానికి కొంత తీస్తే ఐదు నిమిషాలు మించకుండా గడియారం పెట్టుకుని పైకి చదువు. గొంతు పూడుకుపోయే చోట తెలుస్తుంది, అక్కడ వాక్యాలు చిన్నవి చెయ్.

అచ్చుకిచ్చే ముందు చిత్తుప్రతి పాత గుమాస్తాకి చదివి వినిపించు. కాగితం ఆయన చేతికివ్వకు, ఇస్తే మొహమాటపడి బాగుందంటారు. చదువుతూ ఆయన మొహం చూడు. "అలా కాదు బాబూ" అన్న చోట చదవడం ఆపి, రికార్డింగు మళ్లీ మొదలుపెట్టు.