ఫుడ్ మైక్రోబయాలజీ పరీక్షకు రెండు వారాలే ఉంది, బ్యాక్టీరియా పేర్లు నిలవట్లేదు. ఎలా చదవాలి?

అయిదు యూనిట్లు, రెండు వారాలు, సాల్మొనెల్లా గుర్తుపెట్టుకునేలోపు షిగెల్లా జారిపోతోంది అని రాశారు. అచ్చం నా మూడో ఏడాదే. ఈ సబ్జెక్టు నేను ఒకసారి తప్పాను. సప్లీలో మంచి మార్కులతోనే గట్టెక్కాను. ఈ రెండింటి మధ్య నా చదువులో ఏం మారిందో చెబుతాను.

మొదటిసారి ఫుడ్ పాయిజనింగ్ టేబుల్ ఒకటి గోడకు అంటించుకుని పొద్దున్నా సాయంత్రం వల్లె వేశాను. సూక్ష్మజీవి పేరు, ఏ ఆహారం, ఎన్ని గంటలు, ఏ లక్షణాలు. తీరా హాల్లో కూర్చున్నాక బాసిల్లస్ సీరియస్, స్టెఫైలోకోకస్ ఆరియస్ ప్రాస కుదిరి కొంప ముంచాయి. సీరియస్‌కి రాయాల్సిన అన్నం ఆరియస్‌కి రాశాను, ఆరియస్‌కి రాయాల్సిన కోవా క్లాస్ట్రీడియమ్‌కి అంటగట్టాను.

తర్వాత ప్రాక్టికల్ వైవాకి ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన మేడమ్ నా రికార్డు కూడా తెరవలేదు. "మీ ఇంట్లో ఆవకాయ పెడతారా? ఫ్రిజ్ లేకుండా ఏడాది ఎలా నిలవ ఉంటుంది?" అన్నారు. ఉప్పు ఎక్కువ కదా మేడమ్ అన్నాను. "ఉప్పేస్తే బ్యాక్టీరియా చస్తుందా?" నోరు పెగల్లేదు. చాలావరకు చావదట, పెరగలేదంతే. నీళ్లు ఉన్నా ఉప్పు వాటిని పట్టేసుకుంటుంది కాబట్టి దానికి అందవు. అదే వాటర్ యాక్టివిటీ, అంటే క్రిమి వాడుకోగల నీటి కొలత. పైగా మామిడి పులుపు ఉంది, ఆవపిండి ఘాటు ఉంది, పైన తేలిన నూనె గాలిని ఆపుతుంది. "మరి తడి గరిటె పెడితే బూజు ఎక్కడ పడుతుంది?" ఆ ప్రశ్నకు మాత్రం జవాబు తెలుసు, మా అమ్మ చేత తిట్లు తిన్నాను కాబట్టి. పైన, నూనె తేలకుండా ముక్క బయటపడ్డ చోట. బూజుకి గాలి కావాలి. "ఇలా చిన్న చిన్న అడ్డంకులు కలిపి పెట్టడం, ఇంతేనయ్యా హర్డిల్ టెక్నాలజీ, నీ మొదటి యూనిట్ సగం ఇదే" అని నవ్వారు.

అప్పటినుంచి ఏ ఆహారం పేరు కనిపించినా ముందు నాలుగు ప్రశ్నలు వేసుకున్నాను: ఇందులో వాడుకోగల నీళ్లు ఎన్ని, పులుపు ఎంత, గాలి ఆడుతుందా, ఏ వేడిలో ఎంతసేపు ఉంచారు. అంకెలు కొన్నే గుర్తుంచుకోండి. వాటర్ యాక్టివిటీ 0.91 కింద చాలా బ్యాక్టీరియా ఆగిపోతాయి. 0.80 దాకా మామూలు బూజులు లాక్కొస్తాయి. 0.60 దాటి కిందికి వెళ్తే దాదాపు ఏదీ పెరగదు. స్టెఫైలోకోకస్ మాత్రం 0.86 దగ్గర కూడా పెరుగుతుంది, అందుకే ఉప్పు, తీపి పదార్థాల్లో దాని పేరు వస్తుంది. పీహెచ్‌లో ఒకటే అంకె, 4.6. అంకె అంతకంటే తగ్గితే, అంటే పులుపు ఇంకా ఎక్కువైతే, క్లాస్ట్రీడియమ్ బొటులినమ్ పెరగదు.

ఇక మీరు భయపడుతున్న టేబుల్. అందులో గంటల కాలమ్‌ని బట్టీ పట్టక్కర్లేదు. విషం ఆహారంలోనే తయారై ఉంటే వాంతులు 1 నుంచి 6 గంటల్లో మొదలవుతాయి. క్రిమి కడుపులోకి వెళ్లి పెరగాల్సి ఉంటే ఆలస్యం, సాల్మొనెల్లాకి 6 నుంచి 72 గంటలు. కోవా తీసుకోండి. కాచేటప్పుడు క్రిములు చస్తాయి, కానీ ఆ తర్వాత చేత్తో బిళ్లలు చేస్తాం, మళ్లీ వేడి చేయం. స్టెఫైలోకోకస్ ఉండేది చేతుల మీద, ముక్కులో. కథ అయిపోయింది. రాత్రి మిగిలిన అన్నంతో చేసిన ఫ్రైడ్ రైస్‌లో సీరియస్: స్పోర్లు (వేడిని తట్టుకునే, విత్తనాల్లాంటి రూపాలు) అన్నం ఉడికినా చావవు, అన్నం బయట ఉంటే మొలకెత్తుతాయి, విడుదలైన సెరియులైడ్ అనే విషం మళ్లీ వేయించినా పోదు. పెళ్లి వంటలో పెద్ద గుండిగెడు మాంసం కూర గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, అడుగున గాలి ఉండదు. అది క్లాస్ట్రీడియమ్ పెర్‌ఫ్రింజెన్స్‌కి పుట్టిల్లు. వాంతులు అరుదు, 6 నుంచి 24 గంటల్లో విరేచనాలు. ఈ లెక్కకు లొంగనిది బొటులినమ్: విషం రెడీమేడే అయినా అది పట్టేది నరాలని కాబట్టి సాధారణంగా 12 నుంచి 36 గంటలు పడుతుంది.

పులిసే పదార్థాల యూనిట్‌లో ఒక జాగ్రత్త. ఇడ్లీ పిండి పొంగడానికి ఈస్ట్ కారణమని సగం క్లాసు రాస్తుంది. ముఖ్యంగా పని చేసేది ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్, పులుపూ గ్యాసూ రెండూ అదే ఇస్తుంది. ఇంకో తలనొప్పి, 2020లో లాక్టోబాసిల్లస్ ప్రజాతిని ముక్కలు చేసి కొత్త పేర్లు పెట్టారు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ ఇప్పుడు లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారమ్. కొత్త పేరు రాసి పక్కన పాతది కూడా రాసేయండి, దిద్దేవారు ఏది చదువుకున్నా ఇబ్బంది ఉండదు.

నా మార్కులు ఎక్కువ పోయింది మాత్రం థియరీలో కాదు, లెక్కల్లో. పదివేల రెట్లు పలుచన చేసిన పాలు 0.1 మి.లీ. ప్లేటు మీద పోస్తే 150 కాలనీలు వచ్చాయి, మి.లీ.కి ఎన్ని? నేను 150ని 10,000తో గుణించి 15 లక్షలని రాసి వచ్చేశాను. పోసింది పదో వంతే కాబట్టి ఇంకో 10తో గుణించాలి, 1.5 కోట్ల సీఎఫ్‌యూ (కాలనీ కట్టగల క్రిముల లెక్క). ప్రశ్నలో 0.1 కనిపించగానే పెన్సిల్‌తో చుట్టండి. 30 కంటే తక్కువ, 300 కంటే ఎక్కువ కాలనీలున్న ప్లేట్లని లెక్కలోకి తీసుకోకండి.

డి విలువ కూడా అంతే తేలిక. డి అంటే ఒక వేడి దగ్గర క్రిముల సంఖ్య పదో వంతుకు పడిపోవడానికి పట్టే సమయం, అంటే ఒక్కో డి ఒక్కో సున్నాని కొట్టేస్తుంది. బొటులినమ్ స్పోర్లకి 121 డిగ్రీల దగ్గర డి 0.21 నిమిషాలు, పన్నెండు సున్నాలు కొట్టేయాలి, 12తో గుణిస్తే 2.52 నిమిషాలు. జెడ్ (డి పది రెట్లు మారాలంటే వేడి ఎంత మారాలో ఆ తేడా) 10 డిగ్రీలు, అంటే 111 దగ్గర డి 2.1 నిమిషాలవుతుంది. ఇలాంటివి రోజుకు రెండు చేతితో చేయండి, చూసి అర్థమైందనుకుంటే హాల్లో చెయ్యి ఆడదు.

పాశ్చరైజేషన్‌లో 63 డిగ్రీలు 30 నిమిషాలు, 72 డిగ్రీలు 15 సెకన్లు, రెండూ క్యూ జ్వరం తెచ్చే కాక్సియెల్లా బర్నెటీని దృష్టిలో పెట్టుకున్నవే. చరిత్ర బిట్స్ ఆఖరి రోజు చూసినా సరిపోతుంది. శాస్త్రీయ నామాల కింద గీత గీయడం మరిచిపోవద్దు, మాకు దానికీ అర మార్కు కోసేవారు.

గోడ మీది టేబుల్ చించేయకండి. గంటల కాలమ్ మీద కాగితం అతికించి, కారణాన్ని బట్టి ఊహించి, తర్వాత తీసి చూడండి. తప్పినవి మాత్రమే బట్టీ పట్టండి. చివరికి నాకు అలా మిగిలినవి నాలుగే, వాటిలో ఒకటి ఫ్రిజ్‌లోనూ పెరిగే లిస్టీరియా.