ఎల్‌జీబీటీ హక్కుల సంఘాల్లో స్వచ్ఛందంగా ఎందుకు పనిచేస్తారు?

ఈ సంఘాల్లో జీతం లేకుండా పనిచేసేవాళ్లంతా ఎల్‌జీబీటీ వర్గానికి (స్వలింగ, ద్విలింగ ఆకర్షణ ఉన్నవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు) చెందినవాళ్లే అనుకోవడం పొరపాటు. చాలామందిని అక్కడికి నడిపించేది తమవాళ్ల మీద ప్రేమే.

న్యూయార్క్‌లో జీన్ మాన్‌ఫర్డ్ అనే ఉపాధ్యాయురాలి కొడుకు గే. హక్కుల కోసం నిరసన తెలిపినందుకు అతన్ని కొట్టారు. 1972లో ఆమె కొడుకు పక్కనే ఊరేగింపులో నడిచారు. పిల్లలకు అండగా తల్లిదండ్రులు ఏకం కావాలని రాసిన అట్ట ఆమె చేతిలో ఉంది. దారిలో యువతీయువకులు పరుగున వచ్చి, ‘మా అమ్మానాన్నలతో మాట్లాడండి’ అని ఆమెను బతిమాలారు. మరుసటి ఏడాదే తల్లిదండ్రుల సంఘం మొదలైంది. అదే నేటి పీఫ్లాగ్.

ఆ వర్గంవాళ్లకైతే కారణం ఇంకా సూటిగా ఉంటుంది. ఒంటరితనం అనుభవించినవాళ్లే అర్ధరాత్రి హెల్ప్‌లైన్ ఫోను ఎత్తుతారు. అవతలి మనిషికి మాట పెగలకపోయినా పెట్టేయరు. ఆ మౌనం వాళ్లకు తెలుసు, ఒకప్పుడు వాళ్లదే కాబట్టి.