మావారు సంతకం పెట్టేశారు.. ఇప్పుడు నేను అడగొచ్చా?

ప్రశ్న: నా వయసు 42. నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే గడ్డలు) ఉన్నాయని, గర్భసంచి తీసేయాలని డాక్టర్ చెప్పారు. సోమవారం ఆపరేషన్. ఆసుపత్రి కాగితాలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, మధ్యలో ఖాళీలు కూడా వదిలేశారు. మావారు సంతకం పెట్టేశారు. అండాశయాలు కూడా తీస్తారేమో నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు అడిగితే డాక్టర్‌కు కోపం వస్తుందేమోనని భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తప్పకుండా అడగండి, సోమవారం లోపే అడగండి. ఆపరేషన్ మీకు కాబట్టి సంతకం మీదే ఉండాలి. 18 ఏళ్లు నిండి, స్పృహలో ఉండి, ఆలోచించి చెప్పగలిగిన మనిషి బదులు భర్తో, తల్లో ఒప్పుకుంటే చెల్లదు. మీవారిది సాక్షి సంతకంగా పనికొస్తుంది, అంతే. 'నీకెందుకు టెన్షన్, నేను చూసుకుంటా' అని ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆపరేషన్ తర్వాత వచ్చే మార్పులన్నీ పడాల్సింది మీరు.

ఢిల్లీలో 44 ఏళ్ల సమీరా కోహ్లీ లాపరోస్కోపీ (చిన్న కోతతో కెమెరా పెట్టి కడుపు లోపల చూసే పరీక్ష) కోసం ఒప్పుకున్నారు. ఆమె మత్తులో ఉండగా, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణం మీదికి వస్తే తప్ప, ఒకదానికి ఇచ్చిన అనుమతితో ఇంకొకటి చేయకూడదు.

ఇక అండాశయాల సంగతి. మీ వయసులో రెండూ తీసేస్తే ఒక్కసారిగా మెనోపాజ్ (నెలసరి పూర్తిగా ఆగిపోయే దశ) వస్తుంది. ఒళ్లంతా సెగలు, నిద్ర పట్టకపోవడం, పోనుపోను ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం ఉంటాయి. అండాశయాల్లో జబ్బేమీ లేకపోతే ఈ వయసులో సాధారణంగా ఉంచేస్తాం. అసలు గర్భసంచే తీయాలా అన్నదీ అడగండి. గడ్డ సైజు, అది ఉన్న చోటును బట్టి మందులు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్, గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ కొందరికి సరిపోతాయి. 40 దాటాక ఇంత బ్లీడింగ్ ఉంటే గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి బయాప్సీ చేయించారో లేదో కూడా కనుక్కోండి. ఆ రిపోర్టును బట్టి నిర్ణయం మారవచ్చు.

ఫారం తెలుగులో ఇమ్మనండి, లేదంటే చదివి వినిపించమనండి. ఖాళీలున్న కాగితం మీద సంతకం వద్దు. డాక్టర్‌తో మాట్లాడుకున్నాక, తీసేది గర్భసంచి ఒక్కటే అయితే 'అండాశయాలు తీయడానికి ఒప్పుకోవడం లేదు' అని మీ చేత్తో రాసి కింద సంతకం చేయండి. మత్తుమందుకు, రక్తం ఎక్కించడానికి విడిగా అడిగారో లేదో చూసుకోండి. సంతకం పెట్టాక కూడా, మత్తు ఇచ్చే లోపు వద్దనుకుంటే వద్దని చెప్పేయొచ్చు. కోపం గురించి భయపడకండి. ఇవన్నీ విడమరిచి చెప్పడం మా పనిలో భాగమే. అనుమానం తీరకపోతే స్కాన్ రిపోర్టులు తీసుకుని గాంధీ ఆసుపత్రి గైనిక్ ఓపీలోనో, మీకు నమ్మకమున్న మరో గైనకాలజిస్ట్ దగ్గరో చూపించుకోండి.

అయితే ఈ లోపు గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా సోమవారం దాకా ఆగకండి, వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి.