పాత టైర్ల యార్డు పెట్టబోతున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు చెన్నై మాధవరంలో లారీల టెర్మినల్‌కు దగ్గరగా నాలుగు గ్రౌండ్ల స్థలం లీజుకు తీసుకుని, పాత టైర్లూ స్క్రాప్ రబ్బరూ సేకరించి రీసైక్లింగ్ కర్మాగారాలకు పంపే వ్యాపారం పెట్టబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. సంతోషం లేక కాదు. వ్యాసర్‌పాడి రీట్రెడింగ్ షాపులో, అంటే అరిగిన టైర్లకు కొత్త రబ్బరు పట్టీ వేసే చోట, నా వయసంతా గడిచింది. నాతోనే మన ఇంట్లో రబ్బరు పని ముగిసిపోతుందనుకున్నాను. నువ్వు అందుకుంటున్నావని తెలిసి ఎంత పొంగిపోయానో మీ పెద్దమ్మనడుగు. అయితే టైరు కొనడం, అమ్మడం ఎవరైనా నేర్చుకుంటారు. కొన్న టైరును అమ్మేదాకా ఎలా ఉంచాలన్నదే ఈ పనిలో అసలు విద్య. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

కాగితాల సంగతి నువ్వు చూసుకోగలవు గనుక క్లుప్తంగా చెబుతాను. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ అనుమతి చేతికి రాకుండా ఒక్క లోడు కూడా దించవద్దు. టైర్లను కోయడమో పొడి చేయడమో మొదలుపెడితే అది వట్టి నిల్వ కాదు, పరిశ్రమ. అప్పుడు 1974 నాటి నీటి చట్టం, 1981 నాటి వాయు చట్టం కింద తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి దగ్గర స్థాపనకు ఒకటి, నడపడానికి ఒకటి సమ్మతి తీసుకోవాలి. 2022లో కేంద్రం నియమాలను సవరించి పాత టైర్ల బాధ్యతను తయారీదారుల మీద, దిగుమతిదారుల మీద పెట్టింది గనుక, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్‌కే సరుకు అమ్ము, ప్రతి లోడుకూ బిల్లు దాచు. పొయ్యిలో కాల్చుకోవడానికి కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తామని వచ్చేవాళ్ళను గేటు దగ్గర నుంచే పంపించేయి.

ఇక అసలు విషయం. మా షాపు వెనక ఒక పాత టైర్ల యార్డు ఉండేది. యజమాని మంచివాడు, పనివాళ్ళకు పండగ బోనసు ఎగ్గొట్టని మనిషి. అగ్నిమాపక అధికారులు చెప్పారని యార్డు మధ్యలో, గేటు నుంచి వెనక గోడ దాకా లారీ పట్టేంత దారి వదిలాడు. చాలాకాలం ఆ దారిని కాపాడుకున్నాడు కూడా. ఒక వేసవిలో స్క్రాప్ ధర పడిపోయింది. పెరిగాక అమ్ముదామని సరుకు ఆపాడు, వచ్చే లోడ్లను మాత్రం ఆపలేదు. ముందు కుప్పల ఎత్తు పెంచాడు. తర్వాత వెనక గోడకు ఆనించి పేర్చాడు; ఆ గోడకు అవతల గుడిసెలు. చివరికి "రెండు రోజులే కదా" అని మధ్య దారిలో రెండు లోడ్లు దింపించాడు. ఆ రెండు రోజులు నెల దాటాయి.

ఒక మధ్యాహ్నం అక్కడి కుర్రవాడొకడు తుప్పు పట్టిన రిమ్మును గ్యాస్ కట్టర్‌తో కోస్తున్నాడు. పక్కనే బఫింగ్ పొడి సంచులు, అంటే అరిగిన టైరును గీకినప్పుడు రాలే రబ్బరు పొడి. ఆ పొడి ఎంత మెత్తగా ఉంటుందో, నిప్పురవ్వను ఎంత తేలిగ్గా అందుకుంటుందో నువ్వింకా చూడలేదు. కుర్రవాళ్ళు బక్కెట్లతో నీళ్ళు తెచ్చేలోపే మంట కుప్పలోకి దూరింది. ఫైరింజను ఆలస్యం చేయకుండానే వచ్చింది, కానీ గేటు దగ్గరే ఆగిపోయింది. ముందుకు పోవడానికి దారేది? అక్కడి నుంచే నీళ్ళు కొట్టారు. నీళ్ళు పై టైర్ల మీద పడి జారిపోయాయే తప్ప లోపలికి చేరలేదు. ప్రతి టైరు బోలులోనూ గాలి ఉంటుంది, ఆ గాలి మంటకు మేత. కాలే రబ్బరు కరిగి నూనె అవుతుంది. ఆ నూనె, పోసిన నీళ్ళ మీద తేలి, మండుతూనే వెనక కాలువ వైపు పారింది, అక్కడి నుంచి కెప్టెన్ కాటన్ కెనాల్‌లోకి దిగింది. గుడిసెల్లోని ఆడవాళ్ళు ఆ నల్లటి పొగలో పిల్లలను చంకనేసుకుని పరుగెత్తడం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. ప్రాణాలు పోలేదు, ఇళ్ళు పోయాయి. చివరికి పక్క గోడ పగలగొట్టి, పొక్లెయిన్‌తో అంటుకోని టైర్లను విడదీసి, లారీలతో మట్టి తెచ్చి కప్పాకనే మంట అణిగింది. కుప్ప అడుగున మాత్రం ఇంకా కొన్నాళ్ళు రాజుకుంటూనే ఉంది.

నేను నీకు చెప్పదలచినదంతా ఆ దారి గురించేనమ్మా. నిప్పురవ్వ ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది, మనుషులు పనిచేసే చోట అది తప్పదు. పడ్డ రవ్వ ఒక కుప్పతో ఆగుతుందా, వీధి దాకా వస్తుందా అన్నది నువ్వు వదిలిన ఖాళీని బట్టి ఉంటుంది. అద్దె కట్టిన స్థలాన్ని ఊరికే ఉంచడం చదువుకున్న నీకు నష్టంగా కనిపిస్తుంది. దయచేసి అలా లెక్క వేయవద్దు.

1990 ఫిబ్రవరిలో కెనడాలోని హేగర్స్‌విల్‌లో కోటీ నలభై లక్షల వరకు టైర్ల నిల్వ అంటుకుని 17 రోజులు మండింది. అమెరికాలో వాడే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళిలో టైర్ల కోసం ఒక అధ్యాయమే ఉంది: ఆరుబయట ఒక్కో కుప్ప 5,000 చదరపు అడుగులకూ, 10 అడుగుల ఎత్తుకూ మించకూడదు; కుప్పకూ కుప్పకూ మధ్య 40 అడుగులు, సరిహద్దుకూ కట్టడాలకూ 50 అడుగులు వదలాలి. నీ నాలుగు గ్రౌండ్లంటే 9,600 చదరపు అడుగులు. ఎనభై అడుగుల వెడల్పు గల స్థలంలో రెండు వైపులా యాభై అడుగులు వదిలితే ఒక్క కుప్పకూ చోటు మిగలదు. ఆ నియమం మనకు చట్టం కాదు, నిజమే. కానీ నువ్వు తీసుకున్న స్థలం పెద్ద నిల్వకు పనికిరాదని ఆ కొలత చెబుతోంది గదా! కాబట్టి అక్కడ ఏరడం, వేరు చేయడం మాత్రమే పెట్టుకో. రీట్రెడింగ్‌కు పనికొచ్చే కేసింగులను (ఒళ్ళు ఇంకా గట్టిగా ఉన్న పాత టైర్లను) నీడలో వేరుగా ఉంచు, మిగతాది లారీ నిండగానే పంపించేయి. ధర పెరుగుతుందని ఆపవద్దు. కుప్పలు మనిషి ఎత్తు దాటనివ్వకు, గోడకు ఆనించకు, కరెంటు తీగల కింద అసలు పెట్టకు. నీ గేటుకూ, లోపలి దారికీ ఫైరింజను తేలిగ్గా పట్టేంత వెడల్పు పెట్టుకో. బక్కెట్లలో నీళ్ళకంటే ఇసుక, మట్టి గుట్టలు ఎక్కువగా ఉంచు, దగ్గరలో జేసీబీ ఎవరి దగ్గరుందో వాళ్ళ నంబరు గోడ మీద 101 పక్కనే రాయించు. గ్యాస్ కటింగ్, వెల్డింగ్ యార్డులో జరగకూడదు. రిమ్ములు బయటే ఊడదీయించు.

దోమల విషయంలో నన్ను చాదస్తుడనుకున్నా పరవాలేదు. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ టైరు లోపలి గోడకు, నీటి అంచున గుడ్లు పెడుతుంది. నీళ్ళు ఒంపేస్తే పోతుందనుకుంటారు. ఆ గుడ్లు ఎండిన టైరులో నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు పడగానే పొదుగుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. 1985లో హ్యూస్టన్‌లో స్థిరపడ్డ ఆసియా పులిదోమ అమెరికా ఖండానికి చేరింది ఇలా ఓడల్లో వెళ్ళిన పాత టైర్లలోనే. ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానలు మొదలయ్యేలోపు రేకుల కప్పు వేయించు. టార్పాలిన్ వేస్తే వాలుగా, బిగుతుగా కట్టించు, దాని మడతల్లోనూ నీళ్ళు నిలుస్తాయి. వారానికొకసారి నువ్వే తిరిగి చూడు. కార్పొరేషన్ మలేరియా సిబ్బంది వస్తే విసుక్కోకుండా లోపలికి పిలువు, వాళ్ళు నీకు జీతం లేని కాపలాదారులు.

వాచ్‌మన్ సంగతి మరచిపోతావేమో, అందుకే చెబుతున్నాను. దోమలున్న యార్డులో వాచ్‌మన్ రాత్రి మస్కిటో కాయిల్ వెలిగిస్తాడు, పక్కనే స్టవ్ మీద టీ కాచుకుంటాడు. తప్పు అతనిది కాదు. అతనికి కుప్పలకు దూరంగా, గేటు దగ్గర, తలుపూ దోమతెరా ఫ్యానూ ఉన్న గది కట్టించు. ఆ ఖర్చు దగ్గర పిసినారితనం చేస్తే నేను నీతో మాట్లాడను.

భోగికి వారం ముందు నుంచి వీధి పిల్లలు టైర్ల కోసం వస్తారు. ఒక్కటి కూడా ఇవ్వకు. కాలుష్య నియంత్రణ మండలి ఏటా వద్దని వేడుకుంటూనే ఉంది. 2018 భోగి నాడు పొగ వల్ల చెన్నైలో విమానాలే దిగలేకపోయాయి. చిన్నప్పుడు నువ్వు భోగి మేళం, ఆ చిన్న డప్పు, మెడలో వేసుకుని మా గుమ్మంలో వాయిస్తూ, టైరు పొగకు ఉక్కిరిబిక్కిరై లోపలికి పరుగెత్తుకొచ్చేదానివి. మీ పెద్దమ్మ తడిగుడ్డతో నీ మొహం తుడుస్తూ ఆ టైరు ఇచ్చినవాణ్ణి తిట్టిపోసేది. ఆ తిట్లు నీకు తగలకూడదు. పిల్లలు వస్తే మేళాలు కొనిచ్చి పంపు, గోడ మీదుగా ఎవరూ దూరకుండా కంచె వేయించు.

లీజు అగ్రిమెంటు మీద ఇంకా సంతకం పెట్టలేదని మీ నాన్న అన్నాడు. పెట్టేముందు మూడు సంగతులు అందులో రాయించు: గేటు వెడల్పు చేసుకునే హక్కు నీకు ఉండాలి, వెనక గోడ వెంబడి వదిలిన ఖాళీని యజమాని వేరొకరికి అద్దెకివ్వకూడదు, వాననీరు బయటికి పోయే కాలువకు మూత, అడ్డుతలుపు పెట్టుకునే అనుమతి కావాలి. ఆ అడ్డుతలుపు ఎందుకో, రెట్టేరి చెరువు నీకు ఎంత దగ్గరో చూసుకుంటే తెలుస్తుంది. వచ్చే ఆదివారం టేపు పట్టుకుని నేనే వస్తాను. దారి ఎక్కడ వదలాలో ముగ్గుపిండితో గీతలు గీద్దాం, కుప్పల సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న