ఒకే బోరు నీళ్లు తాగి చీనీ తియ్యగా, నిమ్మ పుల్లగా ఎందుకు?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. తోటలో చీనీ (బత్తాయి) చెట్లు ఉండాయి, గట్టు మీద రెండు నిమ్మ చెట్లు ఉండాయి. అదే నేల, అవే బోరు నీళ్లు. మరి చీనీకాయ తియ్యగా ఉంటే నిమ్మకాయ అంత పులుపు ఎందుకు? మా మామయ్య అదంతా సి విటమిన్ వల్లే అంటాడు. ఇంకో డౌటు, చీనీకాయలు పులుపు మీద ఉన్నప్పుడే కోసి గడ్డిలో పెడితే మాగుతాయా?
(ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా)

జవాబు: ముందు మీ మామయ్య సంగతి తేల్చేద్దాం అక్కా. సి విటమిన్ కూడా యాసిడే, కాదనను, కానీ 100 గ్రాముల నిమ్మరసంలో అది ఉండేది 40, 50 మిల్లీగ్రాములు, అదే సిట్రిక్ యాసిడ్ అయితే 5, 6 గ్రాముల దాకా ఉంటుంది, అంటే వంద రెట్లకు పైనే. ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే ఒక జామకాయ కోసివ్వండి, దాంట్లో సి విటమిన్ నిమ్మకంటే చాలా ఎక్కువ, తిని మొహం చిట్లిస్తాడేమో చూడండి. ఈ సిట్రిక్ యాసిడ్‌ని 1784లో షీలే అనే స్వీడన్ కెమిస్టు మొదటిసారి వేరు చేసింది కూడా నిమ్మరసం నుంచే.

ఇక నేల, నీళ్లు. పులుపు వాటిలోంచి రాదు, కాయలోనే తయారవుతుంది. తొన విప్పితే రసం నిండిన సన్నటి తిత్తులు కనిపిస్తాయి కదా, వాటిలో ఒక్కో కణం లోపల ఒక పెద్ద సంచి ఉంటుంది, రసమంతా దాంట్లోనే. ఆ సంచి గోడకు పంపులు ఉంటాయి, మీ బోరు మోటారు నీళ్లు తోడినట్టు ఇవి ప్రోటాన్లను, అంటే యాసిడ్‌కి పులుపు తెచ్చే హైడ్రోజన్ అయాన్లను, లోపలికి తోస్తుంటాయి, దాంతోపాటే సిట్రిక్ యాసిడ్ కూడా లోపల చేరి నిలవైపోతుంది. నిమ్మలో ఈ పంపుల జోరు చాలా ఎక్కువ. ఫారిస్ అని ఒక రకం నిమ్మ ఉంది, ఒకే చెట్టుకు కొన్ని కొమ్మలు పుల్లటి కాయలు కాస్తాయి, కొన్ని తియ్యటివి! 2019లో దీన్ని పరిశోధించినోళ్లు తియ్యటి కొమ్మల కాయల్లో ఆ పంపు జీన్లు పని చేయడం లేదని తేల్చారు. తమాషా ఏందంటే ఇలాంటి జీన్లనే అంతకుముందు పెటూనియా పూల రంగు మీద పని చేస్తూ కనుక్కున్నారు. ఒకే వేరు మీద రెండు రుచులు వచ్చినప్పుడు మీ గట్టు మట్టిని అనుమానించే పనే లేదు.

చీనీలో కూడా లేతప్పుడు పులుపే, కాయ ముదిరేకొద్దీ యాసిడ్ తగ్గుతుంది, చక్కెర పెరుగుతుంది, చివరికి 100 గ్రాముల రసంలో యాసిడ్ 1 గ్రాముకు అటూ ఇటూ మిగులుతుంది. నిమ్మ పండి పసుపురంగుకి వచ్చినా పులుపు వదలదు.

మన నాలుకకు తెలిసేది కూడా ఆ ప్రోటాన్లే. నాలుక మీద పులుపు కనిపెట్టే కణాల్లోకి అవి దూరే దారి ఓటాప్1 అనే ప్రొటీన్, ఇది ప్రోటాన్లకు దారి అని అమెరికాలో 2018లో కనుక్కున్నారు. నిమ్మరసంలో చక్కెర ఎంత కలిపినా యాసిడ్ ఒక్క చుక్క తగ్గదు, తీపి దాన్ని కప్పేస్తుంది అంతే. యాసిడే తగ్గాలంటే వంటసోడా వేయాలి, బుస్సుమని పొంగుతుంది, కానీ ఆ నీళ్లు నేనైతే తాగను. చిత్రాన్నానికి నిమ్మకాయ స్టవ్ ఆపినాక పిండమంటారే, అది వేరే కథ, వేడికి రసంలో చేదు పుడుతుంది.

గడ్డి సంగతి: వద్దు. మామిడి, అరటి కోసినాక కూడా మాగుతాయి, చీనీ మాగదు. తొక్క రంగు కాస్త మారొచ్చు, లోపల తీపి మాత్రం చెట్టు మీద ఉన్నంతసేపే ఎక్కుతుంది, తొందరపడి కోస్తే ఆ పులుపుతోనే మార్కెట్‌కి పోతుంది. కోసే ముందు నాలుగైదు చెట్ల నుంచి ఒక్కో కాయ తెంపి రుచి చూసుకోండి.