పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన హారర్ సీక్వెల్‌కి భయపెట్టే దమ్ముంటుందా?

మీరు హాలీవుడ్ సిరీస్ ఫైనల్ డెస్టినేషన్ గురించి అడిగారు కాబట్టి ఉంటుందనే అంటాను. వేరే సిరీస్ పేరు ఎత్తుంటే నా జవాబు వేరేగా ఉండేది. 2011లో అయిదో భాగంతో ఇక అయిపోయిందనుకున్నాం. 2025లో ఆరోది, 'బ్లడ్‌లైన్స్', దిగింది. మొత్తం సిరీస్‌లో ఎక్కువ వసూలు చేసింది కూడా ఇదే. నాకు కనిపించే కారణం ఒక్కటే, ఇందులో విలన్‌కి మొహం లేదు. మాస్కు వేసుకునే హంతకుడైతే ముసలాడైపోతాడు, హీరోయిన్ అమ్మమ్మ అయి తిరిగొస్తుంది. ఇక్కడ ప్రమాదం తప్పించుకున్నవాళ్లని వెంటాడి చంపేది చావే. దానికి వయసేమిటి?

'చంద్రముఖి'కి 18 ఏళ్ల తర్వాత రెండోది తీశారు చూడండి. రజనీ లేరు, జ్యోతిక లేదు, పాతవాళ్లలో వడివేలు మిగిలారు. నేను ఇంటర్వెల్‌కే చెప్పులు వెతుక్కున్నాను. సరే, అది వేరే గొడవ.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఊరి పక్కన కాగితం మిల్లు ఉంది. వెదురు, జామాయిల్ కర్ర వేసుకుని లారీలు వస్తూనే ఉంటాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే, ఏనాడూ వాటిని పట్టించుకోలేదు. 2004లో స్నేహితుడి ఇంట్లో ఫైనల్ డెస్టినేషన్ రెండో భాగం సీడీ చూశాను. హైవే మీద లారీ గొలుసు తెగి దుంగలు వెనక కార్ల మీద పడే సీను అందులోదే. నిజం దుంగలు రోడ్డు మీద అనుకున్నట్టు ఎగరలేదని వాటిని కంప్యూటర్‌లో చేశారని తర్వాతెప్పుడో చదివాను. అప్పుడే తెలిసుంటే కాస్త నిద్ర పట్టేదేమో.

సరిగ్గా ఆ వారమే పెళ్లి చీరలకని మావయ్యతో స్కూటర్ మీద పార్వతీపురం వెళ్లాను. తిరుగు ప్రయాణంలో, చీకటి పడే వేళ, ముందు జామాయిల్ లారీ. చీరల సంచి నా ఒళ్లో ఉంది. దుంగల కొసలు లారీ బాడీ దాటి బయటికి పొడుచుకొచ్చాయి. వాటిలో పొడుగ్గా ఉన్నదానికి ఎర్రగుడ్డ కట్టారు. గుంత వచ్చినప్పుడల్లా అన్నీ ఒక్కసారి తలలాడించి, కిర్రుమని, మళ్లీ సర్దుకుంటున్నాయి. తాడు వదులుగా ఉందని నాకు గట్టిగా అనిపించింది.

"మావయ్యా, దీన్ని దాటెయ్."

"ఈ మలుపులో దాటితే మనిద్దర్నీ కూడా దాని మీదే వేసుకుపోతార్రా. నోర్మూసుకో."

స్పీడ్ బ్రేకర్ దగ్గర లారీ ఎగిరింది. దుంగ కాదు, దాని బెరడు ముక్క ఒకటి ఊడి వచ్చి నా మొహానికి చుట్టుకుంది. నేను కేకేసి వెనక నుంచి మావయ్య మెడ వాటేసుకున్నాను. స్కూటర్ పక్కనున్న బురదలోకి పోయింది. లారీ ఆగలేదు. వెనక తలుపు మీద రాసిన 'జై మా మజ్జిగౌరి' కాసేపు కనిపించి మలుపు తిరిగిపోయింది. దెబ్బలేం తగల్లేదు గానీ రెండు పట్టుచీరలు పోయాయి. అత్తయ్య ఈరోజుకీ ఆ సినిమా పేరు తెలియకుండానే దాన్ని తిడుతుంది.

ఆరో భాగం మావాడితో వైజాగ్‌లో చూశాను. పక్క సీటాయన ఫోన్ వెలుతురు లేకపోతే ఇంకా బాగా చూసేవాణ్ని. టికెట్ డబ్బులిచ్చి వాట్సాప్ చూసుకోవడమేమిటో! ఈ సిరీస్‌లో చావు లెక్కలు చెప్పే బ్లడ్‌వర్త్ వేషం వేసిన టోనీ టాడ్ ఆ సినిమా విడుదలకు ముందే, 2024 నవంబరులో పోయారు. బాగా చిక్కిపోయిన ఆ మనిషి సెలవు తీసుకున్నట్టు మాట్లాడే సీన్లో మాత్రం ఆ ఫోన్ కూడా కిందికి దిగింది. చూడనివాళ్లు తర్వాతి వాక్యం వదిలేయండి. చివర్లో పట్టాలు తప్పిన రైలు నుంచి బతికి బయటపడ్డ అక్కాతమ్ముళ్లని మళ్లీ ఆ దుంగలే నలిపేస్తాయి. మావాడు నవ్వాడు. నేను కుర్చీ చెయ్యి వదల్లేదు.

మొన్న పార్వతీపురం నుంచి కారులో వస్తుంటే కొమరాడ దాటాక ముందు జామాయిల్ లారీ. టీ తాగుదామని బండి పక్కకి తీశాను.

"ఇది మూడో టీ, నాన్నా" అన్నాడు మావాడు.