ఉప్పుగాలికి ఏసీపీ షీట్లు ఆగుతాయా?

ప్రశ్న: మాది కవిటి మండలం, సముద్రానికి దగ్గర. ఇంటి ముందు గోడకీ, సన్‌షేడ్ అంచులకీ ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లు వేయిద్దామంటున్నారు మావారు. మన గాలికి ఆగుతాయా?
- ఒక గృహిణి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆగుతాయమ్మా, బిగింపు బాగుంటే. 2018లో తిత్లీ తుఫాను మీ ఉద్దానాన్ని ఏం చేసిందో నేను చెప్పక్కర్లేదు. పనివాడు షీట్లను టేపుతో అంటించేసి పోతానంటే ససేమిరా ఒప్పుకోకండి. గోడకు అల్యూమినియం ఫ్రేమ్ వేయించి, స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడించండి. మామూలు ఇనుప స్క్రూ ఉప్పు తేమకు తుప్పు పట్టి, వాన పడ్డప్పుడల్లా షీటు మీద ఎర్రటి చారలు దిగుతాయి. చూడలేం. ఎనిమిదడుగుల షీటు ఎండకు రెండు మూడు మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, అందుకే షీటుకీ షీటుకీ మధ్య సందు వదిలి సిలికాన్ నింపాలి. పైపూత పీవీడీఎఫ్ (ఎండకు బాగా తట్టుకునే ఒక రకం ప్లాస్టిక్ పూత) అయితేనే కొనండి. పాలిస్టర్ పూత ఎండకు తొందరగా వెలిసిపోతుంది.

నాకు అసలు టెన్షన్ నిప్పు గురించి. రెండు అల్యూమినియం రేకుల మధ్య ఉండేది ప్లాస్టిక్. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు పైకి పాకడానికి ఇలాంటి షీట్లే ముఖ్య కారణం. 72 మంది పోయారు. మీవారితో గట్టిగా చెప్పి ఎఫ్ఆర్ (ఫైర్ రిటార్డెంట్, అంటే మంట తొందరగా అంటుకోని) రకమే తెప్పించండి. వంటగది కిటికీ చుట్టూ, మీటరు బోర్డు దగ్గర మాత్రం అదీ వద్దు, సిమెంటు ప్లాస్టరింగే ఉంచేయండి.